మాటువిద్య – మాజీ సైనికుల వర్తకము

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల పల్లెలలో వేకువజామున బాటవెంట పోవువారికి ఒక దృశ్యము తఱచుగా కానవచ్చును. పదునెనిమిది, ఇరువది యేండ్ల యువకులు గుంపులు గుంపులుగా రొప్పుచు పరుగెత్తుచుందురు. వారు వినోదమునకై పరుగెత్తువారు కారు. సైన్యమున చేరుటకై దేహమును సిద్ధము చేసికొనువారు. శ్రీకాకుళమున కోడి రామమూర్తిగారి పేర వెలసిన క్రీడారంగమున సైనికుల యెంపిక జరిగినప్పుడు పట్టణపు వీథులు ఇట్టి యువకులతో నిండిపోవును. విజయనగరమునకు చేరువనున్న కోరుకొండలో 1962వ సంవత్సరమున సైనిక పాఠశాల వెలసినది. ఇది యంతయు ఇంటినుండి దండునకు పోవు దారి. దానిని గూర్చి చెప్పువారు పెక్కురు గలరు. నేను ఈ దినము ముచ్చటింపదలచినది తిరుగుదారిని గూర్చి.

సామాన్య సిపాయి పదునేనేండ్లో, పదునేడేండ్లో కొలువు చేసి, నలువది యేండ్లు నిండకమునుపే యింటికి వచ్చును. మన దేశమున ఏటేట ఇట్లు తిరిగివచ్చువారు సుమారు 60,000 మంది యుందురు. 2022లో మొదలైన అగ్నిపథ పద్ధతిలో చేరినవారిలోనైతే, నాలుగేండ్లు గడచిన పిమ్మట నాలుగవ వంతువఱకే నిలుపుకొందురు. తక్కినవారు ఇరువదియైదేండ్ల ప్రాయమునకు అటునిటుగా ఊరు చేరవలసినవారే. వచ్చినవానికి ఒంటిలో బలమున్నది, మనస్సున క్రమశిక్షణ యున్నది, చేతిలో కొంత సొమ్మున్నది. ఏమి చేయవలెను? ఏ బ్యాంకు వాకిటనో తుపాకి భుజమున నుంచుకొని నిలుచుండుట యొక దారి. అందు అగౌరవ మేమియు లేదు. కాని మంచుకొండలలోను, ఎడారులలోను, అడవులలోను పదునేనేండ్లు గడించిన విద్యయంతయు ఒక వాకిటి కావలితో ముగియవలసినదేనా యని అడుగుట తప్పు కాదు.

ఇతర దేశములలో, ముఖ్యముగా అమెరికాలో, దండు విడిచిన వారు కొందఱు తమకు తెలిసిన విద్యనే పెట్టుబడిగా నుంచి సంస్థలు నెలకొల్పుకొనుచున్నారు. అట్టి వర్తకములలో ఒకటి మరుగువన్నె బట్టలను, వేటసామగ్రిని తయారుచేసి అమ్ముట. మరుగువన్నె యనగా పరిసరములలో కలిసిపోయి కంటికి ఆనకుండునట్లు చేయు వన్నె. దీనినే కామోఫ్లాజు అను ఫ్రెంచిమాటతో లోకమంతయు పిలుచుచున్నది. మన వేటగాండ్రు దీనిని మాటు అందురు. మాటు వేయుట, మాటున పొంచియుండుట అను పలుకుబడులు మనకు క్రొత్తవి కావు. ఈ వర్తకము మన గడ్డమీద నిలుచునా, నిలిచినచో ఏ రూపమున నిలుచును అను ప్రశ్నకు జవాబు వెదకుటకు ముందు, ఈ విద్య యెట్టిదో కొంత తెలిసికొనుట మంచిది.

ఈ విద్యకు మొదటి గురువు ప్రకృతి. ఎండుగడ్డిలో కూర్చున్న పూరేడు పిట్టను మన కాలు దాదాపు తగులువఱకు చూడలేము. అది భుర్రున ఎగిరినప్పుడే అక్కడ పిట్ట యున్నదని తెలియును. ఇందులో ఒక గొప్ప పాఠమున్నది. పిట్టను దాచినది దాని రంగు మాత్రమే కాదు, దాని నిశ్చలత. కన్ను మొదట పట్టునది కదలికను. తరువాత పట్టునది ఆకారపు అంచును. మనుష్యుని తల, భుజములు కలిసి చేయు రూపము ఎంత దూరమునుండియైనను గుఱుతు తెలియును. అడవిలో అట్టి రూపముగల వస్తువు మఱియొకటి లేదు. పిమ్మట మెఱపు, నీడ. గడియారపు అద్దము, చెమటపట్టిన ముఖము, క్రొత్తబట్ట, ఇవి యన్నియు మెఱయును. కావున మాటు కోరువాడు చేయవలసిన పనులు నాలుగు: కదలకుండుట, ఆకారపు అంచును చెఱచుట, మెఱపును చంపుట, నీడలో నీడగా నుండుట. రంగు వీని తరువాతిది. ఈ వరుస తెలియనివాడు ఎంత ఖరీదైన చుక్కలబట్ట కొన్నను మాటు దొరకదు.

ప్రకృతినుండి ఈ విద్య నేర్చిన మొదటి శిష్యుడు వేటకాడు. తెరలు, వలలు, ఉరులు, బోనులు, దీమము అను పెంపుడు మృగము, ఇవి మన పూర్వపు వేటకాని సామగ్రి. దీమపు లేడిని ముందు నిలిపి, తాను పొదమాటున నుండి అడవిలేళ్ళను చేరదీయుట పాతకాలపు నేర్పు. విశాఖ మన్యమున చైత్రమాసమున ఇటుకల పండుగ వచ్చినప్పుడు మగవారందఱు వేటకు వెడలుట ఆచారముగా నుండెడిది. వారికి అడవి ఒక పుస్తకము. గాలి యెటు వీచుచున్నదో చూచి ఎదురుగాలిన నడచుట, ఎండుటాకులమీద అడుగు వేయుటలో మెలకువ, ఒకేచోట గంటలకొలది నిలుచు ఓర్పు వారి విద్యలోని యక్షరములు.

ఇదే విద్య స్కాట్లండు కొండలలో వేఱొక రూపమున పెరిగినది. అక్కడి భూస్వాముల వేటతోటలను కాచు సేవకులను గిల్లీలు అందురు. ఆ మాటకు వారి భాషలో కుఱ్ఱవాడు, పనివాడు అని అర్థము. లేళ్ళను సమీపించుటకు వీరు గోనెపీలికలు, నారలు, గడ్డి తగిలించిన వస్త్రములు ధరించెడివారు. 1900వ సంవత్సరమున దక్షిణాఫ్రికాలో బోయరులతో యుద్ధము జరుగుచుండగా లొవాట్ ప్రభువు ఇట్టివారిని చేరదీసి లొవాట్ స్కౌట్సు అను దళమును ఏర్పఱచెను. వేటకాని మాటు అట్లు సైన్యమున ప్రవేశించినది. మొదటి ప్రపంచయుద్ధమున ఈ దళపువారే పొంచి గుఱి కొట్టుటలోను, దూరమునుండి కనిపెట్టుటలోను పేరు పొందిరి. నేటికిని ప్రపంచ సైన్యములలో పొంచి కాల్చు భటుడు ధరించు నారదుస్తును గిల్లీ సూటు అనియే పిలుతురు.

అంతకు పూర్వమే మన దేశమున సైన్యపు దుస్తు రంగు మాఱినది. 1846లో పెషావరున ఏర్పడిన గైడ్సు దళమునకు నాయకుడైన హారీ లమ్స్‌డెన్ తెల్లబట్టలను ధూళివన్నె వేయించెను. ఖాక్ అనగా దుమ్ము. దానినుండి పుట్టినదే ఖాకీ. ఎఱ్ఱకోట్లు ధరించి మెఱయుచు యుద్ధమునకు పోవు కాలము మెల్లగా ముగిసినది. 1915లో ఫ్రెంచి సైన్యము గిరాన్ ద స్కెవోలా అను చిత్రకారుని నాయకత్వమున ఫిరంగులను, త్రోవలను దాచుటకు ప్రత్యేకశాఖను నెలకొల్పినది. చిత్రకారులు సైన్యమున చేరి రంగుల తొట్లు పట్టుకొని యుద్ధము చేసిరన్నమాట. రెండవ ప్రపంచయుద్ధమున బర్మా అడవులలో ఖాకీయు పనికిరాలేదు. దాని స్థానమున ఆకుపచ్చ దుస్తులు వచ్చినవి. ఆ యుద్ధకాలముననే, పులుల వేటకు పేరుపడిన జిమ్ కార్బెట్, తన డెబ్బదవ యేట సమీపించుచుండగా, సైనికులకు అడవిలో మెలగు విద్య నేర్పుటకు అధ్యాపకుడుగా నియుక్తుడయ్యెను. కొమ్మ విఱిగిన తీరు, పిట్ట కూసిన తీరు చూచి శత్రువు జాడ తెలిసికొనుట ఆయన పాఠము. వేటకాడు సైనికునకు గురువైనాడనుటకు ఇంతకన్న వేఱు నిదర్శనము అక్కఱలేదు.

యుద్ధము ముగిసినంతనే ఈ విద్య వెనుకకు నడచినది. అమెరికా సైన్యము 1942లో కప్పచర్మము వంటి మచ్చలుగల బట్టను దళములకిచ్చినది. యుద్ధానంతరము మిగిలిపోయిన బట్టలు అంగళ్ళకు వచ్చినవి. బాతుల వేటకు పోవువారు వానిని ఎగబడి కొనిరి. తరువాత 1980 ప్రాంతమున జిమ్ క్రమ్లీ అను వేటకాడు చెట్టుబెరడును పోలిన అచ్చుతో బట్టను అమ్మకమునకు పెట్టెను. 1986లో రియల్‌ట్రీ, మాసీ ఓక్ అను రెండు సంస్థలు వెలసి, ఆకులు, కొమ్మలు, బెరడు అచ్చువేసిన బట్టలను దేశమంతట నింపినవి.

ఈ వర్తకమున ఒక మాజీ సైనికుని చరిత్ర మనకు ప్రత్యేకముగా పనికివచ్చును. ఆయన పేరు తిమోతి ఓనీల్. అమెరికా సైన్యమున లెఫ్టినెంట్ కర్నలుగా నుండి, వెస్ట్ పాయింటు సైనిక కళాశాలలో మనస్తత్త్వశాస్త్రము బోధించినవాడు. 1976 ప్రాంతమున ఆయన ఒక సాయుధ వాహనమునకు రెండంగుళముల చదరపు మచ్చలతో రంగు వేయించి చూచెను. దగ్గఱనుండి చూచిన అవి చిన్న చదరములు. దూరమునుండి చూచిన అవి కలిసి పెద్ద నీడలు. కన్ను దూరమున చూచునది వేఱు, దగ్గఱ చూచునది వేఱు. రెంటిని ఒకే బట్టతో మోసగింపవచ్చునని ఆయన యూహ. నేడు మన సైన్యముతో సహా అనేక సైన్యములు ధరించు చదరపు మచ్చల దుస్తులకు ఇది మూలము. ఆయన కొలువు విడిచిన పిమ్మట ఈ జ్ఞానము వేటబట్టలకును ఉపయోగపడినది. గోర్ అను సంస్థ ఆప్టిఫేడ్ అను పేరుతో తెచ్చిన బట్టకు ఓనీలుతోపాటు జే నైట్జ్ అను నేత్రశాస్త్రజ్ఞుడును తోడ్పడెను. గమనింపుడు: సైనికుడు ఒక్కడే చాలలేదు, శాస్త్రజ్ఞుడు కావలసివచ్చెను. ఏలయన, సైనికుడు దాగవలసినది మనుష్యుని కంటినుండి. వేటకాడు దాగవలసినది లేడి కంటినుండి.

లేడి కన్ను మన కన్ను వంటిది కాదు. మనకు రంగు తెలియజేయు కణములు మూడు తెగలవి, లేడికి రెండే. నీలము, పసుపుపచ్చ దానికి తెలియును. ఎఱుపును, నారింజవన్నెను అది ఆకుపచ్చనుండి వేఱుపఱుపజాలదు. అందుచేతనే అమెరికాలో పెక్కుచోట్ల వేటకాండ్రు మండుచున్నట్లుండు నారింజరంగు చొక్కాయి ధరింపవలెనని చట్టము చేసిరి. తోటివేటకాని కంటికది దీపమువలె కనబడును. లేడికి మాత్రము ఆకులలో ఆకు. మన పెద్దపులి రహస్యమును ఇదియే. పసుపును ఎఱుపును కలిసిన దాని చర్మము మన కన్నులకు కొట్టవచ్చినట్లుండును. దుప్పికి మాత్రము అది పచ్చపొదలో నల్లచారల నీడగా తోచును. వన్నె యనునది వస్తువునందు మాత్రమే లేదు, చూచువాని కంటియందును ఉన్నది. మఱియొక విశేషము: బట్టలకు తెల్లదనము తెచ్చు కొన్ని సబ్బుపొడులలోని పదార్థములు సంధ్యవేళ లేడి కంటికి నీలపు కాంతిగా తోచును. ఖరీదైన మరుగువస్త్రమును అట్టి సబ్బుతో ఉతికినవాడు దీపము పట్టుకొని అడవికి పోయినవానితో సమానుడు.

ఇంతవఱకు విన్నవారు ఒక ప్రశ్న వేయుదురు. అమెరికాలో రుసుము చెల్లించి వేట అనుమతి పొందినవారు సుమారు కోటిన్నర మంది గలరు. అక్కడ ఈ వర్తకము నిలుచుటలో వింత యేమున్నది? మన దేశమున వేట యెక్కడిది? ఈ ప్రశ్న న్యాయమైనది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. అనుమతితో వేటాడుటకు మొదట కొంత వీలుండెను గాని, 1991 సవరణతో వినోదపు వేటకు తావు లేకుండ పోయినది. జమీందారులు డప్పులు మ్రోగించి మృగములను తోలించి వేటాడిన కాలము గతించినది. పండుగవేటయైనను నేడు నేరమే. ఇది మంచికే జరిగినది. అడవిలో మిగిలిన కొద్దిపాటి మృగములకు వేఱు రక్షణ లేదు. కావున అమెరికాలోని నమూనాను తెచ్చి శ్రీకాకుళమున నాటిన మొలవదు. వేటసామగ్రి యను పేరున ఇక్కడ అంగడి తెఱచినవాడు దొంగవేటకానికి తోడ్పడినవాడగును. మాజీ సైనికునకు అది తగదు.

అయినను, విద్యను విడువనక్కఱలేదు. దాని ప్రయోజనమును మార్చవలెను. మాటు చంపుటకే కాదు, చూచుటకును, కాచుటకును కావలెను. మన జిల్లాలలో దీనికి అవసరము కనబడుచున్నది. టెక్కలి ప్రాంతమున తేలినీలాపురమను గ్రామమునకు ఏటేట గూడబాతులు, రంగుకొంగలు వలసవచ్చి చెట్లమీద గూళ్ళు కట్టి పిల్లలను పెంచి పోవుచుండును. గ్రామస్థులు వానిని ఇంటికి వచ్చిన ఆడుబిడ్డలవలె చూచుకొందురు. దూరమునుండి వచ్చువారు పక్షులను బెదరింపకుండ చూచుటకును, ఛాయాచిత్రములు తీయుటకును మాటుగుడారములు, మరుగుతెరలు కావలెను. మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతములందలి జీడితోటలలో ఎలుగుబంట్లు తిరుగును. 2022 జూన్ నెలలో వజ్రపుకొత్తూరు వైపున ఒక ఎలుగుబంటి జనులమీద పడి ఒకరి ప్రాణము తీసినది, పలువురను గాయపఱచినది. ఒడిషానుండి దిగివచ్చిన ఏనుగులు మన్యపు పల్లెలలో పంటలను త్రొక్కి, మనుష్యులను చంపిన సందర్భములును గలవు. ఇట్టి మృగముల కదలికలను దూరమునుండి గమనించి, జనులను హెచ్చరింపవలసిన అటవీ ఉద్యోగులకు, కావలివారికి మెఱయని బట్ట, చప్పుడు చేయని సంచి, వానకు తడవని తెర, కాలిక్రింద ముల్లు దిగని బూటు అవసరములు. ఈ వస్తువులలో ఏది ఎక్కడ చినుగును, ఏది యెప్పుడు పనిచేయదు అను సంగతి అంగడివానికి తెలియదు. వానిని వీపున మోసికొని నెలలకొలది నడచిన సిపాయికి తెలియును. అతని పెట్టుబడి అదియే.

ఇక సరకు సంగతి. ఇందు మన గడ్డ భాగ్యవంతమైనది. గిల్లీ దుస్తునకు ముఖ్యపదార్థము గోనెనార. ఉత్తరాంధ్రమున తరతరములుగా పండునది గోగు. మనము పచ్చడి చేసికొను గోంగూర ఈ గోగు జాతి ఆకే. దాని కాడలను కోసి, చెఱువునీట ఊరవేసి, బెరడు కుళ్ళిన పిదప నార తీయుదురు. ఈ నార పూర్వము భీమునిపట్టణపు రేవునుండి ఓడలకెక్కినందున లోకపు విపణిలో దీనికి బిమ్లీ జనుము అను పేరు వచ్చినది. ఒక చిన్న తెలుగు రేవు పేరు ఒక నారకు లోకమంతట నిలిచినది! నెల్లిమర్ల, చిట్టివలస మొదలగు చోట్ల జనపనార మిల్లులు వెలసి వేలమందికి బ్రదుకుతెరువు చూపినవి. ఆముదాలవలసలోని వ్యవసాయ పరిశోధనాలయము గోగులో క్రొత్త వంగడములను తీసినది. కాని ప్లాస్టికు సంచి వచ్చిన తరువాత గోనెసంచికి గిరాకి తగ్గినది; మిల్లులు మూతలు, తెఱపులుగా నడచినవి; చిట్టివలస మిల్లు 2009లో మూతపడినది. గోనెసంచి ఒక్కదానినే నమ్ముకొన్న నారకు వేఱు ప్రయోజనము వెదకవలసిన కాల మెప్పుడో వచ్చినది.

రెండవ సరకు వల. కళింగపట్టణము, భావనపాడు, బారువ తీరముల మత్స్యకారుల యిండ్లలో వల అల్లుట, వల బాగుచేయుట పసివానికి సైతము తెలిసిన పని. మాటుదుస్తు ఎట్లు చేయుదురో చెప్పిన ఈ రెంటికి గల సంబంధము తెలియును. మొదట ఒక వదులైన పాతదుస్తు తీసికొందురు. దాని వీపునకు, భుజములకు, తలకప్పునకు వలపీసను కుట్టుదురు. వలకన్నుల అడ్డదారములకు మూరెడు నిడివిగల నారకుచ్చులను, గోనెపీలికలను ఒక్కొక్కటిగా ముడివేయుదురు. ప్రాకుటకు అడ్డమగును గనుక ఱొమ్మువైపు కుచ్చులు కట్టరు. అచట గట్టి గుడ్డను దట్టముగా వేయుదురు. నారకు ఒకే రంగు పనికిరాదు. ఎండుగడ్డివన్నె, మట్టివన్నె, మాగిన ఆకువన్నె కలిపి వేయవలెను. పచ్చరంగు ఎక్కువైన అది అడవిని పోలదు, అంగడిబొమ్మను పోలును. తరువాత దుస్తును బురదలో ఈడ్చి ఆరవేయుదురు. క్రొత్తదనము, మెఱపు, మనుష్యవాసన అందుతో పోవును. తుదిగా, ఏ చోటికి పోయిన ఆ చోటి ఆకును, గడ్డిని కుచ్చులలో గ్రుచ్చుకొందురు. ఎంత మంచి దుస్తైనను సగమే. తక్కిన సగము ఆ చోటి నేల ఇచ్చునది.

ఈ దుస్తునకు దోషములును గలవు. అమ్మువాడు వానిని దాచరాదు. ఎండునార త్వరగా నిప్పంటుకొనును. కావున నిప్పు తగులకుండ మందులతో శుద్ధిచేసిన నారనే వాడవలెను. మన వైశాఖపు ఎండలో ఇది ధరించినవానికి వడదెబ్బ భయము గలదు, తడిసిన బరువెక్కును. ఎలుగుబంట్లు తిరుగు చోట దీనిని ధరించి దారిప్రక్కన పొంచియుండుట సాహసము గాదు, తెలివితక్కువతనము. అట్టిచోట మనిషి దాగుటకన్న గుడారమును, మంచెను మరుగుపఱచుటయే మేలు. కావున మన ప్రాంతమున మొదట నిలువగల వస్తువు దుస్తు కాదు, మరుగుతెర. వల, గోగునార, ముడి. ఇంతే దాని నిర్మాణము. తేలినీలాపురము వంటిచోట పక్షులను చూచువారికి, పొలమున కావలియుండువారికి, చలనచిత్రములు తీయువారికి, విదేశములలో బాతులను చూచుటకు పోవువారికి కూడ అది పనికివచ్చును. సైన్యము నేడు వాడు వలలు మాత్రము వేఱు జాతివి. అవి కంటినే గాక వేడిని పసిగట్టు యంత్రములను, రాడారును కూడ మోసగింపవలెను. వాని తయారీకి రసాయనశాస్త్రము, పెద్ద పెట్టుబడి కావలెను. చిన్నసంస్థ మొదటినాడే అటు పరుగెత్తరాదు.

చట్టము విషయమున రెండు హెచ్చరికలు. మన సైన్యము 2022 జనవరి 15న, సైనిక దినోత్సవమున, క్రొత్త పోరాటదుస్తును ప్రదర్శించినది. దానిని జాతీయ ఫ్యాషను విద్యాసంస్థ తోడ్పాటుతో రూపొందించిరి. ఆ యచ్చు సైన్యము పేర రిజిస్టరైనది. పదేండ్లవఱకు, ఆపై మఱియైదేండ్లవఱకు పొడిగించు వీలుతో, సైన్యమునకే దానిపై హక్కు. అనుమతి లేక దానిని నేసిన, కుట్టిన, అమ్మిన అది చట్టవిరుద్ధము. రెండవది, సైనికుడు కానివాడు సైనికుడని నమ్మింపదలచి సైనికుని దుస్తును ధరించుట భారతీయ న్యాయ సంహిత 168వ విభాగమున శిక్షార్హము; మూడు నెలలవఱకు చెఱ విధింపవచ్చును. కావున మాజీ సైనికుడు తాను నిన్నటివఱకు ధరించిన దుస్తు నమూనాను, నాకు తెలిసినదే గదా యని అచ్చువేసి అమ్మరాదు. అతడు తన అచ్చును తానే కనిపెట్టవలెను. ఇది నష్టము కాదు. బూడిదవన్నె జీడికొమ్మ, ఎఱ్ఱమట్టి, ఎండిన తాటాకు, ఇసుకదిబ్బమీది సరుగుడు నీడ, ఇవి మన తీరపు వన్నెలు. అమెరికా ఓకుచెట్టు బెరడును అచ్చువేసిన బట్ట ఉద్దానపు తోటలో దాచదు, చూపును.

తుదకు మనిషి సంగతి. సైనికునకు వర్తకమున పనికివచ్చు గుణములు కొన్ని గలవు: వేళకు వచ్చుట, లెక్క తప్పని సామగ్రి, పదిమందిని కలుపుకొని నడచుట, ఓడిన మఱునాడు మరల లేచుట. అట్లే అడ్డువచ్చు అలవాట్లును గలవు. సైన్యమున ధర యడుగువారు లేరు; వర్తకమున మొదటి ప్రశ్న అదియే. సైన్యమున ఆజ్ఞ చాలును; అంగడిలో ఒప్పింపవలెను. అప్పు, వడ్డీ, పన్ను, బాకీ వసూలు, ఇవి అతడెఱుగని యుద్ధములు. పదవీవిరమణమున వచ్చిన సొమ్మునంతటిని ఒక్కసారి యంత్రములమీద పోసి, సరకు అమ్ముడుపోక చితికినవాని కథ ఏ పల్లెలోనైనను వినబడును. అందుచే నేను చెప్పునది: ఒంటరిగా దిగవలదు. ఒక సిపాయి, ఒక వల అల్లు ఇల్లాలు, ఒక గోగు రైతు, లెక్కలు తెలిసిన ఒక యువకుడు కలిసిన అది సంస్థయగును. కొలువు ముగియుటకు ముందే వృత్తివిద్యలు నేర్పు ఏర్పాటు రక్షణశాఖలోని పునరావాస విభాగము చేయుచున్నది. జిల్లాలలో సైనిక సంక్షేమ కార్యాలయములు గలవు. ఆ వాకిళ్ళు తట్టుటకు సిగ్గుపడనక్కఱలేదు. మొదట పది తెరలు చేసి, పది మందికిచ్చి, ఒక వర్షాకాలము, ఒక వేసవి గడచువఱకు పరీక్షించి, చినిగినచోట మరల కుట్టి, అప్పుడు నూఱు చేయవలెను. పూరేడు పిట్ట వలె కదలక కూర్చుండి కనిపెట్టుట మాటుననే కాదు, వర్తకముననుగూడ మొదటి సూత్రము.

పొందూరు నేతగాండ్రు వాలుగచేప దవడతో పత్తిని దువ్వి సన్ననూలు తీసి, ఆ యూరిపేరును ఖద్దరు చరిత్రలో నిలిపిరి. వారికి పెద్ద యంత్రములు లేవు. చేతికందిన వస్తువునందలి గుణమును కనుగొన్న కన్ను ఉన్నది. గోగునార, చేపవల, సిపాయి అనుభవము, ఈ మూడును నేడు మన జిల్లాలలో వేఱువేఱు వీథులలో పడియున్నవి. వానిని ఒక చోట చేర్చువాడు కావలెను. వేకువజామున మన బాటలవెంట పరుగెత్తు కుఱ్ఱవాడు పదునేనేండ్ల తరువాత తిరిగివచ్చునప్పటికి, తన యూరిలోనే తన విద్యకు తగిన పని యొకటి అతనికొఱకు వేచియుండిన, అతడు పోయిన దారియు, వచ్చిన దారియు రెండును గౌరవమైనవే యగును.